హంగరీ రాని ఆట

హంగరీ అనే దేశం ఒకటుందని నాకు తెలిసింది నర్సీపట్నం గ్రంథాలయం అరుగు మీద. 1956 నవంబరు. అప్పుడు నాకు పదకొండేళ్ళు. మా నాన్నగారు తాలూకా ఆఫీసులో గుమాస్తా. సాయంత్రం ఇంటికొస్తూ గ్రంథాలయం దగ్గర ఆగి పేపరు చదివేవారు. నేను ఆయన చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని పక్కనే కూర్చునేవాణ్ణి. పేపరు మద్రాసులో అచ్చయ్యేది. తుని దాకా రైల్లో వచ్చి, అక్కణ్ణుంచి బస్సు టాపు మీద మూటల మధ్య పడి మా ఊరు చేరేది. అంచేత లోకంలో ఏం జరిగినా మాకు కనీసం ఒకరోజు ఆలస్యంగా జరిగేది.

ఆ నెలలో పేపరు చేతికి దొరకాలంటే పెద్దవాళ్ళకే కష్టంగా ఉండేది. కోతల రోజులైనా పొలాల నుంచి తిన్నగా వచ్చి కూర్చునేవాళ్ళు. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. హైదరాబాదు ఫతే మైదానంలో నెహ్రూ గారు ప్రారంభించారు, నీలం సంజీవరెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యారు. ఆ సంబరం వార్తల పక్కనే యుద్ధం వార్తలు. అక్టోబరు 29న ఇజ్రాయెల్ సైన్యం ఈజిప్టు మీద పడింది. రెండు రోజుల్లో బ్రిటను, ఫ్రాన్సు విమానాలు బాంబులు వేయడం మొదలెట్టాయి. సూయెజ్ కాలువలో ఈజిప్టు వాళ్ళు తమ ఓడలే ముంచేసి దారి మూసేశారు. నవంబరు 4న రష్యా ట్యాంకులు హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లోకి దూరాయి. మన రాష్ట్రం పుట్టిన వారంలోనే లోకం రెండుచోట్ల అంటుకుంది.

నాన్నగారు ఇవన్నీ చదివి, చివరికి ఆటల పేజీ దగ్గర ఆగేవారు. ఒకరోజు పేపరు మడిచి, "మనవాళ్ళకి మొదటి ఆట హంగరీతో పడిందిరా. వాళ్ళు రారు" అన్నారు. ఆ ముక్క ఆయన సంతోషంగా అనలేదు. నాకు అదే అర్థం కాలేదు. రాకపోతే మనం గెలిచినట్టే కదా!

అప్పటినుంచి ఇప్పటిదాకా ఆ ఆట గురించి ఆలోచిస్తూనే ఉన్నాను. తర్వాత నేనూ డ్రిల్లు మాస్టారినయ్యాను. ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లల చేత ఫుట్‌బాల్ ఆడించాను. మన ఫుట్‌బాల్ చరిత్రలో అన్నిటికంటే పెద్ద మాటగా చెప్పుకునేది 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఆసియా నుంచి అంతకుముందు ఏ జట్టూ సెమీఫైనల్ దాకా వెళ్ళలేదు. ఆ ఘనత ఒక ఆడని ఆటతో మొదలైంది. చెప్పేవాళ్ళు చాలామంది ఆ సంగతి వదిలేస్తారు. ఇంకొందరు ఆ ఒక్కటీ పట్టుకుని మిగతాదంతా తేలిగ్గా తీసేస్తారు. రెండూ తప్పే.

ముందు మా నాన్నగారి సంగతి చెప్పాలి. ఆయన పుట్టి పెరిగింది విశాఖపట్నంలో. ఓడరేవులో చిన్న ఉద్యోగం. సాయంత్రమైతే ఫుట్‌బాల్. ఈ రోజుల పిల్లలకు ఆనాటి బంతి ఎలా ఉండేదో తెలియదు. పైన దళసరి తోలు, లోపల రబ్బరు బ్లాడరు. బ్లాడరు గొట్టంలోంచి గాలి కొట్టి, గొట్టాన్ని మడిచి, దారంతో బిగించి కట్టి, తోలు కిందకి దోపాలి. తర్వాత చివర కొక్కెంలా వంగిన ఇనప సూదితో తోలు లేసును ఒక్కో కన్నంలోంచి లాగుతూ బంతి నోరు కుట్టాలి. ముడి ఎత్తుగా వస్తే బంతి ఒక పక్కకే పోతుంది. ఆ ముడి వైపు తలతో కొట్టినవాడి నుదుటి మీద సాయంత్రం దాకా ఎర్రటి గీత ఉండేది. వానలో తడిస్తే ఆ తోలు నీళ్ళు తాగి రాయిలా బరువెక్కేది.

1942 మొదట్లో మలయా జపాను చేతికి చిక్కింది. ప్రపంచానికి రబ్బరు ఎక్కువగా ఆ వైపు నుంచే వచ్చేది. విశాఖలో బ్లాడర్లు దొరకడం మానేశాయి. ఉన్న బ్లాడరుకే సైకిలు పంక్చరు అతుకులు వేసి ఆడేవారట. నాన్నగారు లెక్క చెప్పేవారు: ఆఖరి బ్లాడరుకు తొమ్మిది అతుకులు. గాలి కొడితే బంతి గుండ్రంగా కాక గుమ్మడికాయలా ఉబ్బేదట. ఏప్రిల్ 6న జపాను విమానాలు వచ్చి విశాఖ ఓడరేవు మీద బాంబులు వేశాయి. అదేరోజు కాకినాడ మీదా వేశాయి. మర్నాటి నుంచీ ఊరు ఖాళీ అయిపోయింది. బళ్ళు కట్టుకున్నవాళ్ళు, నడిచినవాళ్ళు, ఎటు చుట్టాలుంటే అటు పోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయమే గుంటూరు తరలిపోయింది. దాని భవనాల్లోకి సైన్యం వచ్చింది. మా తాతగారి వైపు చుట్టాలు నర్సీపట్నంలో ఉండబట్టి నాన్నగారు ఇటు వచ్చారు. వచ్చినప్పుడు ఆయన మూటలో రెండు పంచెలు, ఒక చొక్కా, గాలి తీసిన ఆ తోలు బంతి ఉన్నాయని మా నాయనమ్మ చెప్పేది.

నర్సీపట్నానికి సైన్యం కొత్త కాదు. అంతకు ఇరవై ఏళ్ళ కిందట, అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా మూడు రోజుల్లో పడ్డప్పుడు, ఆయన్ని పట్టుకోవడానికి వచ్చిన బలగాలు ఇక్కడే దిగాయి. ఆ గుడారాలు చూసిన ముసలివాళ్ళు నా చిన్నప్పటికి ఇంకా ఉన్నారు. నాన్నగారు వచ్చాక ఒక ఖాళీ జాగాలో రాళ్ళేరి, వెదురు గడలు పాతి గోలుపోస్టులు చేశారు. యుద్ధం ముగిసిన తర్వాత ఎప్పుడో కొత్త బ్లాడరు కొన్నారు. నేను మొదట తన్నిన బంతి అదే. విశాఖ తోలు, నర్సీపట్నం గాలి.

ఆ యుద్ధంలో లోకమంతా ఆటలు ఆగిపోయాయి. 1940 ఒలింపిక్స్ మొదట టోక్యోకి ఇచ్చారు, తర్వాత హెల్సింకీకి మార్చారు, చివరికి ఎక్కడా జరగలేదు. 1944లో లండన్‌లో జరగాల్సినవీ జరగలేదు. అంతకుముందు మొదటి యుద్ధంలో 1916 బెర్లిన్ ఒలింపిక్స్‌కీ అదే గతి. ఇంగ్లండులో పెద్ద క్రికెట్ పోటీలు ఆగిపోయాయి. మన దేశంలో మాత్రం రంజీ ట్రోఫీ ఆగలేదు. యుద్ధం ఇక్కడికి తెచ్చిపడేసిన ఇంగ్లీషు ఆటగాళ్ళు మన జట్లలో ఆడారు. 1945 మార్చిలో బొంబాయిలో జరిగిన రంజీ ఫైనల్ గురించి నాన్నగారు కథలా చెప్పేవారు. హోల్కర్ జట్టుకు కెప్టెన్ కొఠారి కనకయ్య నాయుడు, అంటే సి.కె.నాయుడు. వాళ్ళ కుటుంబం మచిలీపట్నం నుంచి నాగపూరు వెళ్ళింది. ఆయన జట్టులో సైన్యంలో పనిచేస్తున్న డెనిస్ కాంప్టన్ అనే ఇంగ్లీషువాడు ఆడి 249 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచాడు. సి.కె. తమ్ముడు సి.ఎస్.నాయుడు ఆ ఒక్క ఆటలో 152 ఓవర్ల 5 బంతులు వేశాడు. అంటే 917 బంతులు. పెద్ద క్రికెట్‌లో ఒక్క ఆటలో అన్ని బంతులు ఇంకెవరూ వెయ్యలేదు. అయినా హోల్కర్ 374 పరుగుల తేడాతో ఓడింది. "చెయ్యి ఊడిపోయుంటుందిరా పాపం" అని నాన్నగారు తన భుజం తడుముకునేవారు.

ఇక హైదరాబాదు సంగతి. మా ఊరికి హైదరాబాదు అప్పటిదాకా వేరే రాజ్యం. 1956 నవంబరు 1 నుంచి మన రాజధాని. మెల్‌బోర్న్ వెళ్ళిన భారత జట్టులో హైదరాబాదు వాళ్ళు బోలెడుమంది ఉన్నారని ఆ నెలలోనే మాకు తెలిసింది. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరామ్. గోల్‌కీపరు పీటర్ తంగరాజ్ పుట్టిందీ హైదరాబాదులోనే. నాన్నగారు ఈ పేర్లు ఒక్కొక్కటే చదివి, "వీళ్ళంతా ఇప్పుడు మన రాష్ట్రం కుర్రాళ్ళు" అన్నారు. రాష్ట్రం పుట్టి నెల కూడా నిండలేదు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో ఉన్న గర్వం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

వాళ్ళందరి వెనక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీమ్. రహీమ్ సాబ్. ఉస్మానియాలో చదువుకుని, వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకుని, హైదరాబాదు బళ్ళలో పాఠాలు చెప్పిన మాస్టారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బళ్ళలో పనిచేశారు. 1943 నుంచి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. ఆయన నేర్పిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. కలకత్తా వాళ్ళ ఆట అనుకున్నదాన్ని పోలీసు కానిస్టేబుళ్ళు గెలిచి చూపించారు.

నేను వ్యాయామ శిక్షణ చదివేటప్పుడు ఆయన పద్ధతుల గురించి విని, తర్వాత మా పిల్లల మీద ప్రయోగించాను. ఆయన హైదరాబాదులో రెండు వింత పోటీలు పెట్టారు. ఒకదాన్లో బంతిని కాళ్ళ దగ్గర పెట్టుకుని ఒక్కడే తోసుకుంటూ పరిగెత్తకూడదు, వచ్చినది వచ్చినట్టు ఇంకొకరికి ఇచ్చెయ్యాలి. ఇంకోదాన్లో వాటం లేని కాలితోనే ఆడాలి. రెండోది మా బడిలో మొదటిసారి పెట్టినప్పుడు కుడికాలి వాటం ఉన్న కుర్రాళ్ళు ఎడం కాలితో బంతిని తన్నబోయి నేలని తన్నారు. ఒకడు కూలబడి ఏడ్చాడు. రెండు నెలలు పట్టుపట్టాను. మూడో నెలలో అదే కుర్రాడు ఎడం కాలితో కార్నరు కొట్టాడు. బంతి గాల్లో వంపు తిరిగి గోలు ముందు పడింది. ఆ రోజు రహీమ్ సాబ్‌కి మనసులోనే దండం పెట్టుకున్నాను.

బలరామ్ సికిందరాబాదు పక్క అమ్ముగూడలో పుట్టినవాడు. పేద ఇల్లు. శిక్షణకి రమ్మని రహీమ్ సాబ్ పిలిస్తే, రోజూ అంతదూరం రావడానికి డబ్బుల్లేవన్నాడట. ఆయన సైకిలు ఏర్పాటు చేశారు. ఇరవై ఏళ్ళు నిండీ నిండగానే ఆ కుర్రాడు మెల్‌బోర్న్ వెళ్ళాడు. 2023 ఫిబ్రవరిలో బలరామ్ పోయారని చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ సైకిలే.

1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండా ఆడి ఫ్రాన్సు చేతిలో 1-2తో ఓడారు. రెండు పెనాల్టీలు చేజారాయి. 1952 హెల్సింకీలో ఆ చలిలో యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడారు. అప్పటికి రహీమ్ సాబే కోచ్. ఆ ఓటమి తర్వాత బూట్లు తప్పనిసరి చేశారు. అదే హెల్సింకీలో బంగారు పతకం గెలిచింది హంగరీ. ఆ మరుసటి ఏడు ఇంగ్లండును వాళ్ళ సొంత వెంబ్లీ మైదానంలోనే 6-3తో కొట్టింది. సెంటర్ ఫార్వర్డును కాస్త వెనక్కి దించి, ఎదుటివాడికి ఎవణ్ణి కాయాలో తెలియకుండా చెయ్యడం వాళ్ళ ఎత్తు. మెల్‌బోర్న్‌లో మనవాళ్ళు ఆడిన తీరులో ఆ ఎత్తు నీడ ఉందని ఆట బాగా తెలిసినవాళ్ళు రాశారు. ఎవరి ఆట చూసి లోకమంతా నేర్చుకుంటోందో, వాళ్ళతోనే మనకు మొదటి ఆట పడింది.

వాళ్ళు రాలేదు. హంగరీ నుంచి మిగతా ఆటగాళ్ళు వచ్చారు, ఫుట్‌బాల్ జట్టు రాలేదు. పుష్కాష్ వంటి మేటి ఆటగాళ్ళున్న హోన్వెద్ జట్టు అప్పటికి దేశం బయట తిరుగుతోంది. మెల్‌బోర్న్‌లో ఒలింపిక్స్ మొదలైన నవంబరు 22నే ఆ జట్టు స్పెయిన్‌లో, బిల్బావోలో యూరపు కప్ ఆట ఆడింది. తిరుగు ఆట సొంతగడ్డ మీద జరగాల్సింది. బుడాపెస్ట్‌లో ఆడే పరిస్థితి లేక డిసెంబరు 20న బ్రసెల్స్‌లో ఆడారు. సొంత ఊళ్ళో ట్యాంకులు తిరుగుతుంటే పరాయి ఊళ్ళో బంతి తన్నాల్సి రావడం ఎలా ఉంటుందో, 1942లో బంతి గాలి తీసి మూటలో కట్టుకున్న మా నాన్నగారికి తెలుసు. పుష్కాష్, కొచిష్, సిబోర్ అప్పుడు ఇంటికి తిరిగి వెళ్ళలేదు. స్పెయిన్‌లో స్థిరపడ్డారు.

మెల్‌బోర్న్ ఫుట్‌బాల్‌లో 16 జట్లు ఆడాల్సింది, 11 మిగిలాయి. హంగరీతో పాటు ఈజిప్టు, చైనా, టర్కీ, దక్షిణ వియత్నాం తప్పుకున్నాయి. మొత్తం ఒలింపిక్స్‌నే వదిలేసిన దేశాలు వేరే. సూయెజ్ మీద దాడికి నిరసనగా ఈజిప్టు, ఇరాక్, లెబనాన్. హంగరీలో రష్యా చేసినదానికి నిరసనగా హాలండు, స్పెయిన్, స్విట్జర్లండు. తైవానును రానిచ్చారని చైనా. బల్గేరియాకు ఈజిప్టు రాకపోవడం కలిసొచ్చింది, మనకు హంగరీ రాకపోవడం. దాంతో ఒక్క ఆటా ఆడకుండా మనవాళ్ళు క్వార్టర్ ఫైనల్లో ఉన్నారు.

డిసెంబరు 1న ఆస్ట్రేలియాతో ఆట. సొంతగడ్డ వాళ్ళు. అంతకుముందే జపానును 2-0తో కొట్టి ఊపు మీదున్నారు. మనకు కెప్టెన్ సమర్ బెనర్జీ. ఆ రోజు నెవిల్ డిసౌజా 3 గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ చేసిన మొదటి ఆసియావాడు అతనే. నాలుగోది కృష్ణస్వామిది. 4-2. ఈ వార్త ఉన్న పేపరు మా ఊరొచ్చేసరికి రెండు రోజులైంది. నాన్నగారు గ్రంథాలయంలో లేచి నిలబడి గట్టిగా చదివారు. జీవితంలో ఆయన గట్టిగా చదవడం నేను విన్నది ఆ ఒక్కసారే.

డిసెంబరు 4న యుగోస్లావియా. నాలుగేళ్ళ కిందట పది గోల్స్ కొట్టినవాళ్ళు. మొదటి సగంలో ఎవరికీ గోలు రాలేదు. రెండో సగంలో ముందు గోలు కొట్టింది మనవాళ్ళే, అదీ డిసౌజాయే. ఆ కొద్ది నిమిషాలపాటు భారతదేశం ఒలింపిక్ ఫైనల్ వాకిట్లో నిలబడింది. తర్వాత వాళ్ళు తేరుకుని నాలుగు కొట్టారు. 1-4. కాంస్యం కోసం డిసెంబరు 7న బల్గేరియాతో ఆడి 0-3తో ఓడారు. 4 గోల్స్‌తో డిసౌజా ఆ ఒలింపిక్స్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్ళ సరసన నిలిచాడు.

ఈ మధ్యలో డిసెంబరు 6 ఉంది. ఆ రోజు గురించి విడిగా చెప్పకుండా ఉండలేను. మెల్‌బోర్న్‌లో హాకీ ఫైనల్ జరిగింది. మనవాళ్ళు పాకిస్తాన్‌ను 1-0తో గెలిచారు. వేలు విరిగిన బల్బీర్ సింగ్ కెప్టెన్‌గా ఆడాడు. ఆ పోటీ మొత్తంలో మన మీద ఒక్క గోలూ పడలేదు. అదేరోజు ఈత కొలనులో హంగరీకి, రష్యాకి వాటర్ పోలో ఆట. చూడ్డానికి వచ్చినవాళ్ళలో హంగరీ నుంచి వలస వచ్చినవాళ్ళు నిండిపోయారు. నీళ్ళలో ఆట కాస్తా కొట్లాటయింది. హంగరీ 4-0తో ముందుంది. ఆఖర్న ఎర్విన్ జాదోర్ అనే కుర్రాడి కంటి దగ్గర దెబ్బ తగిలి, రక్తం కారుతూ నీళ్ళలోంచి బయటకొచ్చాడు. జనం లేచి మీదికొస్తుంటే ఆట ఆపేశారు. హంగరీ తర్వాత బంగారు పతకం గెలిచింది. ఒలింపిక్స్ అయ్యాక వాళ్ళ ఆటగాళ్ళలో చాలామంది ఇంటికి తిరిగి వెళ్ళలేదు.

అదే డిసెంబరు 6న ఢిల్లీలో అంబేద్కర్ గారు పోయారు. మాకు ఈ మూడు వార్తలూ ఒకే పేపర్లో వచ్చాయి. మా వీధి చివర పేటలో ఆ రాత్రి పొయ్యిలు వెలగలేదు. హాకీ బంగారం గురించి ఎవరూ మాట్లాడలేదు. నాన్నగారు పేపరు మడిచి గ్రంథాలయం బల్ల మీద పెట్టి, నా చెయ్యి పట్టుకుని మౌనంగా ఇంటికి నడిచారు.

హంగరీ వచ్చుంటే ఏమయ్యేది? ఓడిపోయేవాళ్ళమనే నేను అనుకుంటాను. పుష్కాష్ లేకపోయినా వాళ్ళు హంగరీయే. అలాగని మనవాళ్ళు ఆ ఖాళీ చోట కూర్చుని పైకి రాలేదు. ఆస్ట్రేలియాను వాళ్ళ మైదానంలో, వాళ్ళ జనం ముందు కొట్టి పైకొచ్చారు. ఆ గెలుపు గాలివాటం అనుకుని, అక్కడి వాళ్ళు మళ్ళీ సిడ్నీలో ఒక స్నేహపు ఆట పెడితే, మనవాళ్ళు 7-1తో గెలిచి చూపించారు. ఆ ఏటి సంతోష్ ట్రోఫీ హైదరాబాదే గెలిచింది, మరుసటి ఏడూ గెలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో రహీమ్ సాబ్ క్యాన్సరు బాధ పడుతూనే జట్టును నడిపించి, సెప్టెంబరు 4న కొరియాను 2-1తో ఓడించి బంగారం తెచ్చారు. నెలన్నర తిరిగేసరికి చైనాతో యుద్ధం వచ్చింది. మరుసటి జూన్‌లో రహీమ్ సాబ్ పోయారు. మంచి మాస్టారు పోతే ఎంత పోతుందో మన ఫుట్‌బాల్ తర్వాత చూసింది.

నా సంగతి. 1971 డిసెంబరు. నేను నర్సీపట్నంలో ఉద్యోగంలో చేరి ఎన్నాళ్ళో కాలేదు. బళ్ళ పోటీల్లో మా ఫుట్‌బాల్ జట్టు సెమీఫైనల్ దాకా వచ్చింది. విశాఖ వైపు నుంచి రావలసిన జట్టుతో మా మైదానంలోనే ఆట. ఆ జట్టు గట్టిది. మా కుర్రాళ్ళు రెండు వారాలుగా నిద్రలో కూడా వాళ్ళ పేరే తలుస్తున్నారు. డిసెంబరు 3న పాకిస్తాన్‌తో యుద్ధం మొదలైంది. ఆ రాత్రి తెల్లవారేలోపు విశాఖ రేవు ముంగిట్లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. విశాఖలో రాత్రిళ్ళు దీపాలు ఆర్పేసేవారు, కిటికీలకు నల్ల కాగితాలు అంటించేవారు. పిల్లల్ని ఊళ్ళు దాటించడానికి ఏ తండ్రి ఒప్పుకుంటాడు?

ఆట రోజున మా జట్టు పదకొండుమందీ బనీన్లు తొడుక్కుని మైదానంలో దిగారు. నిబంధన ప్రకారం దిగాలి. ఎదుటి సగం ఖాళీ. రిఫరీ గడియారం చూస్తూ గీత మీద నిలబడ్డారు. బంతి మధ్య చుక్క మీద ఉంది. పొద్దున్నే నేనే గాలి కొట్టి, లేసు కుట్టి తెచ్చాను. మంచు ఆరలేదు, బంతి తోలు మీద తడి మెరుస్తోంది. పావుగంట గడిచింది. రిఫరీ ఈల వేసి, మేము గెలిచినట్టు చెప్పి, నా చేతి మీద తట్టి వెళ్ళిపోయారు. చప్పట్లు కొట్టడానికి వచ్చిన పిల్లలు ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోయారు.

మా గోల్‌కీపరు, బలిఘట్టం నుంచి నడిచి వచ్చే సన్నటి కుర్రాడు, గోలుపోస్టు దగ్గర్నుంచి కదల్లేదు. దగ్గరకెళ్ళాను.

"మేస్టారూ, ఎవుళ్తోనూ ఆడకుండానే గెలిచీసేమా?"

"గెలిచాంరా."

"వోళ్ళెందుకు రాలేదండీ?"

అరుగు మీద నేను నాన్నగారిని అడగని ప్రశ్న అది. ఆ కుర్రాణ్ణి కూర్చోబెట్టి, విశాఖ గురించి, ఘాజీ గురించి, తొమ్మిది అతుకుల బ్లాడరు గురించి, బుడాపెస్ట్ గురించి చెప్పాను. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే వచ్చి చుట్టూ కూర్చున్నారు. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు.

సాయంత్రం ఆటల రిజిస్టరు తెచ్చారు. అందులో తేదీ, ఎవరితో, ఎన్ని గోల్స్, ఫలితం అని నాలుగు గళ్ళు. గుమాస్తా గారు ఫలితం గడిలో "గెలుపు" అని రాయబోతుంటే ఆపి, కలం నేను తీసుకున్నాను. గోల్స్ గడి ఖాళీగా వదిలేశాను. నాలుగో గడిలో "యుద్ధం వల్ల వారు రాలేకపోయారు" అని రాశాను. గడి చాలలేదు, మిగతా అక్షరాలు కిందకి జారాయి. నా గోల్‌కీపరు పక్కనే నిలబడి చివరి అక్షరం దాకా చదివి, అప్పుడు వెళ్ళి బంతికి గాలి తీశాడు.